ఫైలు చదివేటప్పుడు ప్రోగ్రాం ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: లినక్స్‌లో సాకెట్లకు పెట్టినట్టే ఫైలుకూ నాన్‌బ్లాక్ ఫ్లాగ్ (డేటా సిద్ధంగా లేకుంటే ఆగకుండా వెంటనే తిరిగి రమ్మని చెప్పే సెట్టింగ్) పెట్టాను. అయినా పెద్ద ఫైలు చదివేటప్పుడు నా ప్రోగ్రాం ఆగిపోతోంది. ఎందుకు?

జవాబు: డిస్కు మీది మామూలు ఫైలు ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నట్టు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) లెక్కగడుతుంది కాబట్టి ఆ ఫ్లాగ్‌కు అక్కడ ప్రభావం ఉండదు, ఏవి సిద్ధమయ్యాయో కనిపెట్టి చెప్పే ఈపోల్‌కు (epoll) ఆ ఫైలును అప్పగించబోతే ఈపెర్మ్ (EPERM) అనే ఎర్రర్ వస్తుంది. అడిగిన భాగం పేజీ క్యాషెలో (డిస్కు డేటా కాపీలను కెర్నల్ ఉంచుకునే మెమరీలో) లేకుంటే, డిస్కు నుంచి వచ్చేదాకా చదువుతున్న థ్రెడ్ (ప్రోగ్రాంలో పని నడిచే ఒక దారి) నిద్రపోతుంది. మీ ప్రోగ్రాం ఆగుతున్నది అక్కడే. అందుకే లిబ్‌యూవీ (libuv) అనే లైబ్రరీ ఫైళ్ల పనిని విడిగా ఉంచుకున్న థ్రెడ్లకు (మామూలుగా 4) అప్పగిస్తుంది. 2019లో లినక్స్ 5.1తో వచ్చిన ఐఓ యూరింగ్ (io_uring) అనే కెర్నల్ సదుపాయంలోనైతే అభ్యర్థనలను ఒక వరుసలో పెట్టి, ఫలితాలను మరో వరుసలోంచి తీసుకోవచ్చు. కొత్తగా రాసే ప్రోగ్రాంకు నేను దీన్నే సూచిస్తాను. అయితే ఫలితం అందేవరకు బఫర్‌ను (డేటా వచ్చి చేరే మెమరీని) విడుదల చేయకండి, కెర్నల్ ఇంకా అందులో రాస్తూ ఉండవచ్చు.