న్యూస్‌లో నాలుగు దిక్కులు ఉన్నాయా?

సందేహం: నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే మాటల మొదటి అక్షరాలు కలిస్తే 'న్యూస్' అయిందని, నాలుగు దిక్కుల నుంచీ వచ్చేది కాబట్టి ఆ పేరు పెట్టారని బడిలో చెప్పారు. మా అబ్బాయి అదంతా కట్టుకథ అంటున్నాడు. ఏది నిజం? ఇంకొకటి. చివర 'స్' ఉంది కాబట్టి న్యూస్ బహువచనమే కదా, మరి 'ఒక న్యూస్ చెప్తాను' అనడం తప్పా? (ఒక పాఠకురాలు)

సమాధానం: మీ అబ్బాయి అన్నదే నిజం. న్యూస్‌కూ దిక్కులకూ ఏ సంబంధమూ లేదు. 'కొత్త' అనే అర్థం ఉన్న 'న్యూ'కి బహువచనపు 'ఎస్' చేర్చారు, అంతే. కొత్తవి, కొత్త సంగతులు అని దాని మొదటి అర్థం.

విశేషణానికి బహువచన ప్రత్యయం తగిలించి నామవాచకం చేసుకోవడం ఇంగ్లీషులో కొత్తేమీ కాదు. మంచి అని అర్థమిచ్చే 'గుడ్' నుంచి సరుకులు అనే అర్థంలో 'గూడ్స్' వచ్చింది, తియ్యని అనే 'స్వీట్' నుంచి 'స్వీట్స్' వచ్చింది. మనమూ 'పెద్ద' నుంచి 'పెద్దలు' చేసుకున్నాం. ఇంగ్లీషువాళ్లకు ఈ విషయంలో ఫ్రెంచి నమూనా కూడా ఎదురుగా ఉంది. కొత్త అనే మాట నుంచే ఫ్రెంచివాళ్లు వార్తలకు 'నూవెల్' అనే బహువచనం వాడేవారు, ఇప్పటికీ వాడతారు. 14వ శతాబ్దం చివర ఇంగ్లీషులో 'కొత్త సంగతులు' అనే అర్థంలో కనిపించిన ఈ మాట 15వ శతాబ్దానికి మనం ఇప్పుడు వాడే అర్థంలో కుదురుకుంది. అంతకుముందు నుంచి ఆ పని చేస్తూ వచ్చిన 'టైడింగ్స్' మెల్లగా పక్కకు తప్పుకుంది.

దిక్కుల కథ నిలవదని చెప్పడానికి పాత స్పెల్లింగు ఒక్కటి చాలు. అప్పట్లో ఈ మాటను ఎన్, ఇ, డబ్ల్యూ, ఇ, ఎస్ అని ఐదు అక్షరాలతో రాసేవారు. 1622లో లండన్‌లో వారం వారం వెలువడిన వార్తాపత్రాల శీర్షికల్లోనూ ఇలాగే ఉంది. దిక్కుల లెక్కన చదివితే తూర్పు రెండుసార్లు వస్తుంది! పైగా ఇంగ్లీషులో దిక్కులను చెప్పే వరస నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్. ఉత్తరం తర్వాత తూర్పు, పడమరలకు వెళ్లి, చివర దక్షిణానికి దిగే వరస ఈ కథలో తప్ప ఇంకెక్కడా వినపడదు.

అయితే మీ బడిలో చెప్పినవారిని తప్పుపట్టలేం. ఈ కథ వాళ్లు కల్పించింది కాదు, దాని వయసు దాదాపు నాలుగు వందల ఏళ్లు. 1640లో ఇంగ్లండులో అచ్చయిన ఒక సరదా పద్యాల సంకలనంలో ఈ చమత్కారం ఉంది. వార్త ఉత్తరం, తూర్పు, పడమర, దక్షిణాల నుంచి వస్తుంది, అక్షరాలు విడదీసి చూసుకోండి అని ఒక కవి సరదాగా అన్నాడు. అప్పటికే ఆ మాట పుట్టి రెండు శతాబ్దాలు దాటింది. కవి చమత్కారం కాస్తా తర్వాతివాళ్ల చేతుల్లో చరిత్ర అయి కూర్చుంది.

పొడి అక్షరాలు కలిపి మాట చేయడం ఇప్పుడు మనకు మామూలు. రాడార్ అలా పుట్టిందే, లేజర్ అలా పుట్టిందే, రోజూ వాడే సిమ్, పిన్ కూడా అంతే. కానీ ఈ పద్ధతి జోరందుకున్నది 20వ శతాబ్దంలో, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. రాడార్ అనే పేరు 1940లో వచ్చింది. అంతకు వందల ఏళ్ల ముందు నుంచి ఉన్న మాటను ఎవరైనా అక్షరానికో అర్థం చొప్పున విడదీసి చెబితే, ముందు అనుమానించడమే మంచిది. హోటల్లో ఇచ్చే 'టిప్' కూడా మూడు మాటల మొదటి అక్షరాలు కలిస్తే పుట్టిందని చెప్పే కథ ఈ బాపతే. 'ఎస్ఓఎస్' సంగతి ఇంకా తమాషా. 'మా ప్రాణాలు కాపాడండి' అనే ఇంగ్లీషు వాక్యానికి అది పొడి రూపం అంటారు. నిజానికి 1906లో బెర్లిన్ అంతర్జాతీయ ఒప్పందంలో దాన్ని ఆపద సంకేతంగా తీసుకున్నది, మోర్స్ పద్ధతిలో మూడు చుక్కలు, మూడు గీతలు, మళ్లీ మూడు చుక్కలుగా సులభంగా గుర్తుపట్టవచ్చని. వాక్యం తర్వాత అతికించింది.

ఇంగ్లీషువాళ్లను చూసి నవ్వుకునే ముందు మన 'నవల'ను కూడా తలుచుకోవాలి. అది ఇంగ్లీషు 'నావెల్' నుంచి వచ్చింది. అయినా మనవాళ్లు ఊరుకోలేదు. 'నవాన్ విశేషాన్ లాతి గృహ్ణాతి ఇతి నవలా', అంటే కొత్త విశేషాలను గ్రహించేది నవల, అని దానికో సంస్కృత వ్యుత్పత్తి చెప్పారు. అయితే ఇక్కడో మెలిక ఉంది. 'నావెల్'లో ఉన్న లాటిన్ 'నోవుస్', ఇంగ్లీషు 'న్యూ', సంస్కృత 'నవ', మూడూ ఒకే పూర్వభాష నుంచి దిగినవి. కాబట్టి వ్యుత్పత్తి కల్పితమే అయినా, అందులో పట్టుకున్న 'నవ' మాత్రం నిజంగానే బంధువు. న్యూస్‌కూ బంధువే. మన సొంత మాట 'కొత్త' వీటి వంశం కాదు. దాని పాత రూపం 'క్రొత్త'. నెలవంకను చెప్పే 'క్రొన్నెల'లో ఉన్నది అదే.

ఇక మీ రెండో ప్రశ్న. రూపం బహువచనమే, వాడుక ఏకవచనం. షేక్‌స్పియర్ నాటకాల్లో 'దిస్ న్యూస్' అనీ ఉంది, 'దీజ్ న్యూస్' అనీ ఉంది. ఆ ఊగిసలాట తర్వాత పోయింది. ఇప్పుడు ఇంగ్లీషులో 'ది న్యూస్ ఈజ్' అనాలి, 'ఆర్' అనకూడదు. లెక్కపెట్టే మాట కూడా కాదు కాబట్టి 'ఎ న్యూస్' అనరు, 'ఎ పీస్ ఆఫ్ న్యూస్' అంటారు. విడ్డూరంగా అనిపిస్తే మన పాలు, నీళ్లు చూడండి. పాలను ఒకటి, రెండు అని లెక్కపెట్టలేం. అయినా 'పాలు పొంగాయి' అనే అంటాం గానీ 'పొంగింది' అనం. అక్కడ బహువచన రూపానికి ఏకవచన క్రియ, ఇక్కడ లెక్కకు రాని వస్తువుకు బహువచన క్రియ. ఏ భాష అలవాటు దానిది.

తెలుగులోకి వచ్చాక మాత్రం న్యూస్ మన వ్యాకరణానికి లోబడాల్సిందే. 'ఒక న్యూస్ చెప్తాను' అన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించదు. 'సాక్స్'లో అప్పటికే బహువచనం ఉన్నా మనం దానికి ఇంకో 'లు' చేర్చి సాక్సులు అంటున్నాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అదే మాట ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు పద్ధతి పాటించండి. ఉచ్చారణలోనూ ఇదే తేడా. ఇంగ్లీషులో చివరి ధ్వని 'జ్' లాంటిది, తెలుగులో మనం 'స్' అంటాం. తెలుగు మాట్లాడుతూ 'న్యూజ్' అని దిద్దుకోనక్కర్లేదు.

న్యూస్‌కు బదులు 'వార్త' అనవచ్చు గానీ, ఆ మాటలో 'కొత్త' అనే భావం మొదట లేదు. వృత్తి, వర్తకం పుట్టిన ధాతువు నుంచే అదీ పుట్టింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వార్త అంటే వ్యవసాయం, పశుపాలన, వ్యాపారం, అంటే బతుకుతెరువుల శాస్త్రం. మహాభారతంలో యక్షుడు ధర్మరాజును 'వార్త ఏమిటి?' అని అడిగే చోట మాత్రం మనం ఎరిగిన అర్థమే ఉంది. కాలం ప్రాణులన్నిటినీ వండుతోంది, అదే వార్త అంటాడు ధర్మరాజు. అరబ్బీ నుంచి వచ్చిన 'కబురు' ఇంకో దారి పట్టింది. కబురు పంపితే అది సందేశం, 'లు' చేర్చి కబుర్లు అంటే కాలక్షేపం. చావు కబురు చల్లగా చెప్పవచ్చు గానీ, చావు కబుర్లు ఎవరూ చెప్పరు. 'న్యూ'కి 'ఎస్' చేరితే అర్థం మారినట్టే ఇక్కడ 'లు' చేరి మారింది. ఈ ఉదాహరణ మీ అబ్బాయికి చెప్పండి, దిక్కుల కథ కంటే ఇదే బాగా గుర్తుంటుంది.