మార్కులు పెరుగుతాయి, ముందు ఆ క్యాలెండర్ తీసేయండి

ప్రశ్న: మా అమ్మాయికి నీట్‌లో 398 వచ్చాయి. విజయవాడలో ఏడాదిపాటు మళ్ళీ చదివించే లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్పించాం. రోజూ కుదురుగా కూర్చుని చదివే అలవాటు చిన్నప్పట్నుంచీ లేదు. ఇప్పుడు అలవాటు చేస్తే మార్కులు పెరుగుతాయా? మా తోటికోడలి కొడుక్కి మొదటిసారే సీటొచ్చింది. ఈమె వీక్లీ టెస్ట్ మార్కులు వంటింటి క్యాలెండర్ మీద రాసిపెడుతున్నాను. దసరాకి వచ్చి దాన్ని గోడవైపు తిప్పేసి వెళ్ళింది. ఫోన్‌లో కూడా ముభావంగా ఉంటోంది.
- ఒక తల్లి, తెనాలి

జవాబు: పెరుగుతాయమ్మా. పుస్తకం మూసి చదివింది గుర్తుతెచ్చుకోవడం, మర్నాడోసారి, వారానికోసారి మళ్ళీ చూసుకోవడం, తప్పుపోయిన ప్రశ్నలకు విడిగా నోటుబుక్కు. నెలల తరబడి ఇలా చదివితే వచ్చే పట్టు చివరి పదిరోజుల జాగారంతో రాదు. నీట్‌లో ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఇరవై తప్పులు దిద్దుకుంటే వంద మార్కులు పెరిగినట్టే. మీ ప్రశ్నకి జవాబు ఇంతే.

నన్ను కలవరపెట్టింది ఆ క్యాలెండర్. పాల లెక్క రాసుకునే చోట పిల్ల మార్కులు రాశారు. మీ తోటికోడలు వంటింట్లోకి వచ్చినప్పుడల్లా అవి ఆవిడ కంటబడతాయని మీకు తెలియదా? ఆవిడ ముందు తలెత్తుకోవాలన్న మీ ఆరాటాన్ని పంతొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన పెట్టారు. ఆవిడ ఇంటికి పెద్దకోడలు, మర్యాద ఇవ్వండి. మీ బిడ్డ మార్కుల లెక్క మాత్రం ఆవిడకి చెప్పాల్సిన పని లేదు. అడిగితే "చదువుకుంటోంది అక్కా" అనండి, చాలు. ఆడపిల్లకి తల్లి దగ్గరైనా పరీక్ష లేని చోటు ఒకటుండాలి. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

హాస్టల్లో ఉన్న పిల్ల తల్లితో మాట తగ్గించిందంటే తేలిగ్గా తీసుకోకూడదు. తెనాలి నుంచి విజయవాడ ఎంత దూరం, గంట ప్రయాణం. ఈ ఆదివారం ఫోన్ పెట్టేసి బయల్దేరండి. తనకిష్టమైన కూర ఏదో వండి క్యారియర్‌లో పట్టుకెళ్ళండి. ఆ క్యాలెండర్ తీసేశానని చెప్పండి, తీసేశాకే చెప్పండి. తినేదాకా పక్కన కూర్చోండి. నిద్ర పడుతోందా, రూమ్‌లో ఎవరితో స్నేహంగా ఉంటోంది, అవి అడగండి. టెస్టు మాట తనెత్తితే వినండి, మీరెత్తకండి.