మొదటి హారర్ తీసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

స్క్రిప్టు బాగుంది, బడ్జెట్ కాగితమే బాలేదు. సగం డబ్బు గ్రాఫిక్స్ దెయ్యానికీ ఊరి సెట్టుకీ పోతోంది. ఈ తరహా సినిమాలతో నిలదొక్కుకోవాలంటే హాలీవుడ్ హారర్ దర్శకుడు జాన్ కార్పెంటర్ లెక్కలు ఒకసారి చూడాలి.

1978లో ఆయన ‘హాలోవీన్’ని సుమారు 3 లక్షల డాలర్లతో, దాదాపు 20 రోజుల్లో తీశాడు. హాలీవుడ్‌కి అది చిల్లర. ఆ చిల్లరలోనే పెద్ద వాటా పానావిజన్ కెమెరాకి, వెడల్పు ఫ్రేమిచ్చే లెన్సులకి పెట్టాడు. పేరున్న నటుడు డొనాల్డ్ ప్లెజెన్స్ ఒక్కడే, అదీ 5 రోజుల కాల్షీట్లకి 20 వేల డాలర్లు. హంతకుడి ముసుగు 2 డాలర్లలోపు దొరికిన, ‘స్టార్ ట్రెక్’ సీరియల్ హీరో కెప్టెన్ కిర్క్ మాస్కు. కనుబొమలు పీకేసి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు స్ప్రే కొట్టారు. కథ ఇల్లినాయిలో అక్టోబరు నెలలో, షూటింగేమో కాలిఫోర్నియాలో వసంతకాలంలో. రంగేసిన ఆకులు రోడ్డు మీద చల్లడం, షాట్ అవగానే ఏరి సంచిలో వేసుకోవడం, ఇంకో వీధిలో మళ్లీ చల్లడం. వెనక చెట్లు పచ్చగానే కనిపిస్తాయి. ఎవడికి పట్టింది? అందరి చూపూ ఫ్రేము అంచున నిలబడ్డవాడి మీదే.

నువ్వూ హీరోయిన్‌ను ఓ పక్కకి పెట్టి రెండో పక్క ఖాళీగా వదిలెయ్. అందులోకి ఎవడొస్తాడోనని ప్రేక్షకుడే బిగుసుకుపోతాడు. నువ్వు రాసుకున్నట్టు ప్రతిచోటా క్లోజప్ కొడితే ఆ ఖాళీ మిగలదు, భయపెట్టే పనంతా సౌండు మోత మీద పడుతుంది.

నీ కథ ముప్పాతిక రాత్రే. రాత్రి షూటింగులో షాట్లు తక్కువ పడతాయి, లైట్లు మార్చడానికే గంటలు పోతాయి, మూడు దాటితే యూనిట్ తూగుతుంది. ఇంటి లోపలి సీన్లు పగలే, కిటికీలకి నల్లగుడ్డ కట్టి లాగించెయ్. రాత్రి కాల్షీట్లు వీధి సీన్లకే.

రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం, అవకుండా సినిమా ఎవరికీ చూపించకు, డబ్బు పెట్టినాయనకి అసలే వద్దు. ‘హాలోవీన్’ను సంగీతం లేకుండా చూసిన ఓ స్టూడియో మనిషి భయమే వెయ్యలేదంది. తర్వాత కార్పెంటర్ తనే అయిదు లెక్కల నడకలో పియానో బాణీ కట్టాడు.

ఇక నీకొచ్చిన పెద్ద సినిమా ఆఫర్ సంగతి. 1982లో కార్పెంటర్ కోటీ యాభై లక్షల డాలర్లతో తీసిన ‘ది థింగ్’ ఆడలేదు, చేతిలో ఉన్న తర్వాతి సినిమా పోయింది. ఇవాళ దాన్ని క్లాసిక్ అంటారు, అప్పుడు మాత్రం విమర్శకులు చీల్చి చెండాడారు. 1986లో మరో పెద్ద సినిమా కూడా బోల్తా కొట్టాక ఆయన చిన్న బడ్జెట్‌కి దిగాడు. ఒక్కోటి సుమారు 30 లక్షల డాలర్లతో రెండు సినిమాలు, పెత్తనమంతా తనదే. అందులో ఒకటైన ‘దే లివ్’లో గ్రహాంతరవాసులు మనుషుల వేషంలో మనల్ని ఏలుతుంటారు. అలాంటి కథను ఏ పెద్ద స్టూడియో ఒప్పుకునేది?

నువ్వు ఆఫర్ ఒప్పుకో, తప్పులేదు. కానీ అడ్వాన్సు ముట్టేముందే ఫైనల్ ఎడిట్ ఎవరిదో అగ్రిమెంటులో రాయించు. నోటిమాట పనికిరాదు. రిలీజుకి వారం ముందు డిస్ట్రిబ్యూటర్ 20 నిమిషాలు కోయమన్నప్పుడు నీ చేతిలో ఉండేది ఆ కాగితమే.

మీ పెదనాన్న