తిన్నా వెలగని బ్లాక్ హోల్

ప్రశ్న: బ్లాక్ హోల్‌లో పడబోయే వాయువు వేడెక్కి ధగధగా వెలుగుతుందని డిగ్రీలో చదివాం. మరి మన పాలపుంత మధ్యలోది అంత మసకగా ఎందుకుంది మాస్టారూ? తిండి దొరక్కా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తిండి తక్కువే. అయితే ఆ కాస్తా తిన్నదానికి తగ్గ వెలుగైనా రావడం లేదమ్మా, అసలు తమాషా అక్కడుంది.

మీరు చదివింది 1973లో షకూరా, సున్యాయెవ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన లెక్క: వాయువు పలుచని పళ్లెంలా బ్లాక్ హోల్ చుట్టూ తిరుగుతూ లోపలికి జారుతుందని. అందులో వాయువు దట్టంగా ఉంటుంది, పుట్టిన వేడి ఎప్పటికప్పుడు కాంతిగా బయటపడుతుంది. దూరపు గెలాక్సీల నడుమ ధగధగలాడే క్వేజార్ల వైభోగం అదే. వాయువు రాబడి బాగా పడిపోయినప్పుడు మాత్రం పళ్లెం లోపలి భాగం నిలవదు. వాయువు పలచబడి, ఉబ్బి, బ్లాక్ హోల్‌ని అన్ని వైపులా కమ్ముకుంటుంది.

ఇక్కడ సంసారం ఎలా ఉంటుందంటే, సంపాదన ప్రోటాన్లది, ఖర్చుపెట్టే చెయ్యి ఎలక్ట్రాన్లది. కాంతిని వెదజల్లేది ఎలక్ట్రాన్లే. ప్రోటాన్లు వాటిని గుద్దుకుంటేనే వేడి చేతులు మారుతుంది. ఇంత పలచని వాయువులో గుద్దుకోవడమే అరుదు! బ్లాక్ హోల్ దగ్గర ప్రోటాన్లు లక్ష కోట్ల డిగ్రీలకు చేరినా, ఆ వేడిని మూటగట్టుకుని అందులోకి పడిపోతాయి. ఈ ఆలోచన 1977లోనే ఇచిమారు అనే శాస్త్రవేత్త రాశారు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1994 నుంచి రమేశ్ నారాయణ్, ఇన్‌సు యి మళ్లీ పైకి తెచ్చారు. నారాయణ్ మద్రాసులో చదువుకున్నాయన, మనకు పొరుగే.

జులైలో రాత్రి పదిన్నర ప్రాంతంలో మా కొత్తపట్నం బీచ్‌లో దక్షిణానికి తిరిగితే, సగం ఎత్తులో ధనుస్సు రాశి ఉంటుంది. మీకు తుమ్మలపెంటలోనూ అంతే. మన బ్లాక్ హోల్ ఉన్నది ఆ దిక్కునే, దాదాపు 27 వేల కాంతి సంవత్సరాల దూరంలో. దాని బరువు 43 లక్షల సూర్యులు, వెలుగు చూస్తే కొన్ని వందల సూర్యులంత. చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు పరిశీలనల్లో 2013లో తేలిందేమిటంటే, అది లాక్కున్న వాయువులో నూటికి ఒక వంతు కూడా అంచుదాకా చేరడం లేదు. మిగతాదంతా మధ్యలోనే బయటికి ఎగిరిపోతోంది.

మసకగా ఉంది కదా అని నిద్రపోతోందనుకోకండి. ఎమ్87 అనే గెలాక్సీలోదీ ఈ బాపతే, కానీ వేల కాంతి సంవత్సరాల పొడవున జెట్, అంటే సన్నని ధార, చిమ్ముతోంది. 2019లో దాని ఫొటో, 2022లో మనదాని ఫొటో పేపర్లలో చూసే ఉంటారు. వాయువు అంత పలచగా ఉంది కాబట్టే రేడియో తరంగాలు దాన్ని దాటుకుని వచ్చి, నడుమ ఉన్న నల్లటి నీడని మనకు చూపించగలిగాయి.