పదిహేను మంది ఉన్న కంపెనీకి హెచ్‌ఆర్ వల్ల లాభం పెరుగుతుందా?

"మాది పదిహేను మంది పనిచేసే యూనిట్. హెచ్‌ఆర్ (జీతాలు, సెలవుల్లాంటి ఉద్యోగుల వ్యవహారాలు చూసే) పద్ధతులు పెడితే నిజంగా లాభం పెరుగుతుందా, ఖర్చు తప్ప ఏమీ ఉండదా?" అని అడిగారు.

పెరుగుతుంది. హైదరాబాద్ బాలానగర్‌లో పద్నాలుగు మందితో సీఎన్‌సీ జాబ్‌వర్క్, అంటే కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల మీద వేరే కంపెనీలకు లోహపు పార్టులు చేసిచ్చే పని, చేయిస్తున్నాను. చేతులు కాలాకే నాకీ సంగతి తెలిసింది.

శ్రీకాకుళం కుర్రాడొకడు మా దగ్గర ఆరేళ్లు చేశాడు. ఏ జాబ్‌కు ఏ టూలు, ఎంత ఆఫ్‌సెట్ (టూలు ఎక్కడిదాకా వెళ్లాలో మెషిన్‌కు ఇచ్చే కొలత) అన్నీ నూనె మరకల చిన్న పాకెట్ బుక్కులో రాసుకునేవాడు. నేనేమో చేతిలో డబ్బు ఆడినప్పుడు జీతాలిచ్చేవాణ్ణి. ఒక నెల 8వ తేదీ, ఒక నెల 17. వాడెప్పుడూ అడగలేదు. అడగలేదు కదా, ఇబ్బంది లేదేమో అనుకున్నాను. సంక్రాంతికి ఊరెళ్లినవాడు మళ్లీ రాలేదు. బుక్కూ వాడితోనే పోయింది.

కొత్తగా పెట్టుకున్న అబ్బాయి మూడో రోజే ఆఫ్‌సెట్‌లో మైనస్ గుర్తు మర్చిపోయాడు. సైకిల్ స్టార్ట్ నొక్కగానే టూళ్లు బిగించే టర్రెట్ వెళ్లి, పార్టును పట్టుకునే చక్‌ను గుద్దింది. ఆ చప్పుడుకి పక్క షెడ్డువాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. మెషిన్ తొమ్మిది రోజులు ఆగింది, రిపేరుకు లక్షా పదివేలు అయింది. మనిషికి దెబ్బ తగిలితే వైద్యం చేయించే ప్రభుత్వ బీమా ఈఎస్‌ఐ, పది మంది ఉంటే కట్టాలి, నేను అదీ కట్టలేదు. 15,000 జీతానికి నా వాటా 3.25 శాతం, అంటే నెలకు 488 రూపాయలు. అది మిగులుతోందని మురిసిపోయినవాణ్ణి!

ఆ తర్వాత చేసినవి మూడే. అప్పు చేసైనా 7వ తేదీకి జీతం. అందరికీ ఈఎస్‌ఐ, సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి పక్కనే కాబట్టి ఇళ్లలోవాళ్లకీ పనికొస్తోంది. ప్రతి మెషిన్ దగ్గరా ఆఫ్‌సెట్ల రిజిస్టర్. రెండేళ్లలో ఒక్క ఆపరేటరూ మానలేదు, కొలత తప్పి వెనక్కొచ్చే సరుకు, రిజెక్షన్, సగానికి పడిపోయింది. ఆర్డర్లు బాగుండి డబ్బు ఆడింది కాబట్టే జీతాలు టైముకి ఇవ్వగలిగావు, నువ్వు తిరగేసి చెబుతున్నావంటాడు మా బావమరిది. వాడు లెక్చరర్, షెడ్డు సంగతి వాడికేం తెలుసు? ఇక కేపీఐలంటూ, అంటే పనితీరు కొలిచే అంకెలంటూ, లాప్‌టాప్ తెరిచి 40 వేలు అడిగిన కన్సల్టెంట్‌కి టీ తాగించి పంపేశాను.

అసలు జీతాలు టైముకి ఇవ్వమని మాకు చెప్పేవాళ్లే కానీ, మా బిల్లులు టైముకి ఇచ్చేదెవరు? చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం బిల్లు చెల్లింపు 45 రోజులు దాటకూడదంటుంది, పెద్ద కంపెనీలు 90 అంటాయి. చట్ట ప్రకారం వడ్డీ అడిగామా, మళ్లీ ఆర్డరు రాదు.

మొన్న ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. చర్లపల్లిలో చేస్తున్నాడట. వచ్చేయ్, ఇప్పుడు 7కల్లా ఇచ్చేస్తున్నాను అన్నాను. "ఇక్కడ ఒకటో తారీఖే ఇస్తారన్నా" అన్నాడు.