పాత సీఆర్‌టీ మానిటర్‌లో 'అవుట్ ఆఫ్ రేంజ్' అని వస్తే ఏం చేయాలి?

మానిటర్ పాడైపోలేదు. కంప్యూటర్ పంపే సిగ్నల్‌ను అందుకునే శక్తి దానికి లేదు, అంతే.

ముందు మానిటర్ మాన్యువల్లో హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు తెర మీద గీసే అడ్డగీతల సంఖ్య) పరిధి చూడండి. చాలా 15 అంగుళాల సీఆర్‌టీలకు ఇది 54 కిలోహెర్ట్‌జ్ దగ్గరే ఆగిపోతుంది. అసలు అడ్డంకి ఇదే, రిజల్యూషన్ ఒక్కటే కాదు. లెక్క తేలికే: మొత్తం గీతలను రిఫ్రెష్ రేటుతో, అంటే సెకనుకు తెర ఎన్నిసార్లు కొత్తగా గీస్తుందో ఆ సంఖ్యతో గుణించాలి. 1024×768లో కనిపించేవి 768 గీతలే అయినా, కనపడనివి కలిపితే 60 హెర్ట్‌జ్ దగ్గర 806. 806×60 అంటే సుమారు 48.4 కిలోహెర్ట్‌జ్, సరిపోతుంది. అదే రిజల్యూషన్‌ను 75 హెర్ట్‌జ్‌కి పెంచితే 60 కిలోహెర్ట్‌జ్ దాకా పోతుంది, బొమ్మ రాదు. 800×600 అయితే 75 దగ్గర కూడా 46.9 మాత్రమే. కళ్లకు మినుకుమినుకు ఇబ్బందిగా ఉంటే నేనైతే దీన్నే ఎంచుకోమంటాను.

తెర కనపడకుండా ఎలా మార్చాలి? రెండో పోర్టు ఉంటే వేరే మానిటరో టీవీయో దానికి తగిలించి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో పాతదాన్ని ఎంచుకుని, రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు రెండూ తగ్గించండి. మార్చాక తెర నల్లబడితే ఏ కీ నొక్కకండి. 15 సెకన్లలో పాత సెట్టింగే తిరిగొస్తుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా తప్పు మోడ్‌లే (రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు జతలు) వస్తుంటే, మానిటర్‌ను కంప్యూటర్‌కు కలిపే వీజీఏ కేబుల్‌ను అనుమానించండి. మానిటర్ తన పరిమితులను 12, 15 నంబరు పిన్నుల ద్వారా చెబుతుంది. చవక కేబుళ్లలో ఒక్కోసారి అవి ఉండవు, లేదా వంగిపోయి ఉంటాయి.