భద్రాచలం పార్లమెంటు సీటు ఏమైంది? అక్కడ ఓటేసిన వాడి జవాబు

మీ ప్రశ్న ఇది: "పాత పేపర్లలో 'భద్రాచలం ఎంపీ' అని కనిపిస్తోంది. ఇప్పుడు అలాంటి లోక్‌సభ సీటే లేదు. అది ఎప్పుడు పుట్టింది, ఎందుకు పోయింది, మళ్ళీ వచ్చే అవకాశం ఉందా?"

మాది చింతూరు మండలం. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ సీటులో ఓటు వేశాను, పోలింగు డ్యూటీలు కూడా చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు టూకీగా చెప్తాను. భద్రాచలం లోక్‌సభ నియోజకవర్గం 1967 ఎన్నికలతో మొదలైంది, ఎస్టీలకు రిజర్వు అయిన సీటు. చివరి ఎన్నిక 2004లో జరిగింది. 2008లో నియోజకవర్గాల పునర్విభజన అమలులోకి రావడంతో 2009 ఎన్నికల నాటికి ఆ పేరు పోయింది. ఈ మధ్యలో 11 సార్లు ఎన్నికలు జరిగాయి.

పేరు చూసి గుడి చుట్టుపక్కల ఊళ్ళ సీటు అనుకుంటారు. కాదు. దాని కింది అసెంబ్లీ సీట్లలో భద్రాచలం, బూర్గంపాడు ఖమ్మం జిల్లావి. యల్లవరం తూర్పు గోదావరి జిల్లాది, అంటే అడ్డతీగల, రంపచోడవరం వైపు. పాడేరు, చింతపల్లి విశాఖ జిల్లావి. ఇవన్నీ ఆ సీటు కిందే ఉండేవి. గోదావరి ఒడ్డు నుంచి శబరి, సీలేరు దాటి పాడేరు కాఫీ తోటల దాకా ఒకే ఎంపీ. మూడు జిల్లాలు, ముగ్గురు కలెక్టర్లు. ఐటీడీఏలు (గిరిజనాభివృద్ధి సంస్థలు) కూడా మూడు: భద్రాచలం, రంపచోడవరం, పాడేరు. కోయలు, కొండరెడ్లు, బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోందులు అందరూ ఆ సీటు ఓటర్లే.

మ్యాపులో చూస్తే వింత ఆకారం. నేలమీద చూస్తే మాత్రం దానికో అర్థం ఉంది. ఎస్టీ జనాభా ఎక్కువగా ఉన్నచోటే ఎస్టీ సీటు పెట్టాలి. మన రాష్ట్రంలో ఆ జనం జిల్లా కేంద్రాల చుట్టూ లేరు, జిల్లాల అంచుల్లో ఉన్న కొండల్లో ఉన్నారు. ఆ అంచులన్నీ కలిపితేనే ఒక పార్లమెంటు సీటుకు సరిపడా జనాభా వచ్చింది.

ఈ ప్రాంతాన్ని మిగతా నేలతో కలపకుండా పక్కన పెట్టడం బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. 1839 చట్టంతో గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటుగా కలెక్టరు చేతికి అప్పగించారు. 'ఏజెన్సీ' అనే మాట మాకు అలా అంటుకుంది. మా భద్రాచలం, రేకపల్లి తాలూకాల కథ వేరు. నిజాం 1860లో వాటిని బ్రిటిష్ వాళ్ళకు ఇచ్చాడు. కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చాయి. నది అవతల బూర్గంపాడు మాత్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. అంటే భద్రాచలంలో స్నానానికి దిగిన మనిషికి ఎదురుగా కనిపించే ఒడ్డు ఇంకొకరి రాజ్యం.

ఓటు విషయానికొస్తే, 1937లో మద్రాసు శాసనసభలో 215 సీట్లుంటే, 'వెనుకబడిన ప్రాంతాలు, తెగలు' పేరుతో ఇచ్చింది ఒక్కటే సీటు. మొత్తం మద్రాసు రాష్ట్రానికి అది. అప్పటికి పదిహేనేళ్ళ ముందు, 1922లో, అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం జనం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. రోడ్డు పనుల్లో వెట్టి, అడవి మీద ఆంక్షలు ఆ కోపానికి కారణం. ఆ బాధ చెప్పుకోవడానికి వాళ్ళకు ఏ సభలోనూ మనిషి లేడు. భద్రాచలం సీటు విలువ నాకు అక్కడ కనబడుతుంది. తిరగబడిన ఊళ్ళే తర్వాత ఢిల్లీకి ఒక మనిషిని పంపగలిగాయి.

1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965కు పూర్తయింది. అంతకుముందు నది దాటాలంటే పడవే దిక్కు. వంతెన వచ్చిన రెండేళ్ళకు ఈ పార్లమెంటు సీటుకు తొలి ఎన్నిక జరిగింది.

ఇక గెలిచినవాళ్ళు. 1967, 1971, 1977, 1980 నాలుగుసార్లూ కాంగ్రెస్ తరఫున బి. రాధాబాయి ఆనందరావు. 1984లో ఇందిర మరణం తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి వీచింది, మన రాష్ట్రంలో మాత్రం ఎన్టీఆర్ గాలి. ఆ పొత్తులో సీపీఐ నుంచి సోడె రామయ్య గెలిచారు. 1989, 1991లో కాంగ్రెస్ తరఫున కర్రెద్దుల కమలకుమారి. 1996, 1998లో మళ్ళీ సోడె రామయ్య. 1999లో తెలుగుదేశం నుంచి దుంపా మేరీ విజయకుమారి. 2004లో సీపీఎం నుంచి మిడియం బాబూరావు, ఆయనే ఆఖరు.

ఒకసారి లెక్క చూడండి. 11 ఎన్నికల్లో ఏడుసార్లు గెలిచింది మహిళలే. అందులో ఆరు గెలుపులు 1996లో మహిళా రిజర్వేషన్ బిల్లు పార్లమెంటుకు రాకముందువే. బయట జనం 'వెనుకబడిన ప్రాంతం' అని పిలిచే చోట ఇది జరిగింది. ఈ సంగతికి రావాల్సిన గుర్తింపు ఇప్పటికీ రాలేదని నా బాధ.

అసెంబ్లీ స్థాయిలో ఎర్రజెండా మరీ బలంగా ఉండేది. భద్రాచలం నుంచి సీపీఎం తరఫున కుంజా బొజ్జి మూడుసార్లు, తర్వాత సున్నం రాజయ్య మూడుసార్లు గెలిచారు. చింతపల్లి నుంచి సీపీఐ తరఫున గొడ్డేటి దేముడు రెండుసార్లు. తునికాకు (బీడీ ఆకు) కట్టకు రేటు పెంచమని సమ్మె చేసినా, పోడు భూమి (అడవి నరికి సాగుచేసే నేల) మీదికి వచ్చిన ఫారెస్టు వాళ్ళను అడ్డుకున్నా, 1/70 చట్టం అమలు చేయమని ధర్నా చేసినా ముందు నిలబడింది వాళ్ళే. 1/70 అంటే తెలియనివాళ్ళకు: షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో గట్టిపరిచిన నిబంధన.

పోలింగు డ్యూటీల గురించి చెప్పాలి. మావైపు బూత్ అంటే చాలాచోట్ల తాటాకు కప్పిన బడి. ముందురోజే బ్యాలెట్ పెట్టె, సిరా సీసా, లక్క, కాగితాల సంచులు తీసుకుని బయలుదేరేవాళ్ళం. రోడ్డు ఉన్నంతవరకు జీపో ట్రాక్టరో, ఆ తర్వాత నడక. వాగు దాటాల్సిన ఊరైతే పెట్టె తడవకుండా తలమీద పెట్టుకునేవాళ్ళు. నక్సలైట్ల బహిష్కరణ పిలుపు ఉన్న ఊళ్ళలో రాత్రి నిద్ర ఉండేది కాదు, టెన్షన్. అలాంటిచోట పోలింగు కూడా మామూలు వేళకంటే ముందే ముగించేవాళ్ళం, చీకటి పడేలోపు పెట్టెతో బయటపడాలని.

1999లో అసెంబ్లీకీ పార్లమెంటుకూ ఒకేసారి ఎన్నికలు జరిగాయి. గులాబీ రంగు కాగితం అసెంబ్లీకి, తెల్లది పార్లమెంటుకి. గులాబీ కాగితం మీద పేరు చదవలేకపోయినా, ఎమ్మెల్యేగా ఎవరు నిలబడ్డారో ఊరందరికీ తెలుసు. ఆ మనిషి వాళ్ళ గూడేనికి వచ్చి గంజి తాగి వెళ్ళినవాడే. తెల్ల కాగితం దగ్గరికి వచ్చేసరికి గుర్తే తప్ప మనిషి తెలియదు. చెయ్యి, సైకిలు, కంకి కొడవలి, అంతే. బూత్‌లో కూర్చున్న మాకు ఈ తేడా స్పష్టంగా కనిపించేది.

ఆ సీటుకు ఉన్న అసలు లోపం కూడా ఇదే. మరీ పెద్దది. భద్రాచలం నుంచి పాడేరు వెళ్ళాలంటే చింతూరు, మోతుగూడెం, సీలేరు, చింతపల్లి మీదుగా ఘాట్ రోడ్లలో రోజంతా పోతుంది. ఎంపీ ఎంత మంచివాడైనా ఐదేళ్ళలో అన్ని గూడేలూ తిరగలేడు. పాడేరు వాళ్ళు "ఎంపీ ఖమ్మం వాళ్ళ మనిషి" అనేవాళ్ళు, ఖమ్మం వైపు వాళ్ళు మరోలా అనుకునేవాళ్ళు.

అయినా ఆ సీటు ఉండటమే మేలని నా అభిప్రాయం. కారణం ఒక్కటే. ఆ ఎంపీకి ఓటు వేసేవాళ్ళలో చాలామందికి కావాల్సినవి అడవి, పోడు, మలేరియా మందు, ఆశ్రమ పాఠశాల, తునికాకు రేటు. మైదానం వాళ్ళ కాలువ నీళ్ళ గొడవలో మా మాట మునిగిపోయేది కాదు. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని ఆమోదించినప్పుడు మా ఎంపీ మిడియం బాబూరావు సభలో ఉన్నారు. ఆయన పార్టీ బయటి నుంచి మద్దతిస్తేనే అప్పటి కేంద్ర ప్రభుత్వం నిలబడింది. ఏజెన్సీ సీటు నుంచి వెళ్ళిన మనిషి అలాంటి సమయంలో అక్కడ ఉండటం నాకు చాలా గొప్పగా అనిపించింది.

మరి ఎందుకు పోయింది? 1971 జనాభా లెక్కల ఆధారంగా గీసిన సరిహద్దులే 2004 దాకా నడిచాయి. 2002 చట్టంతో ఏర్పడిన డీలిమిటేషన్ కమిషన్, జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన, 2001 లెక్కల ప్రకారం మళ్ళీ గీసింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ లోక్‌సభ సీట్లు రెండే ఉండేవి, భద్రాచలం, పార్వతీపురం. అవి మూడయ్యాయి: అరకు, మహబూబాబాద్, ఆదిలాబాద్. పాత రెండు పేర్లూ పోయాయి. యల్లవరం అసెంబ్లీ సీటు రంపచోడవరం అయింది, పాడేరుతో కలిసి అరకులోకి వెళ్ళింది. చింతపల్లి సీటు రద్దయింది. బూర్గంపాడు పోయి పినపాక వచ్చింది. భద్రాచలం, పినపాక రెండూ మహబూబాబాద్ లోక్‌సభ కిందికి వచ్చాయి.

రాష్ట్రం మొత్తానికి చూస్తే ఎస్టీలకు ఒక సీటు పెరిగింది, అది మంచిదే. కోయలకు మాత్రం నష్టం జరిగింది. మహబూబాబాద్‌లో లంబాడా ఓటర్ల సంఖ్య పెద్దది. తెలంగాణ ప్రాంతంలో వాళ్ళకు 1976 చట్టంతో ఎస్టీ హోదా వచ్చింది. 2009 నుంచి అక్కడ గెలిచిన బలరాం నాయక్, సీతారాం నాయక్, మాలోత్ కవిత ముగ్గురూ ఆ సమాజం వాళ్ళే, 2024లో మళ్ళీ బలరాం నాయక్ గెలిచారు. వాళ్ళను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు, వాళ్ళూ కష్టం ఎరిగిన జనమే. ఏ గీత గీస్తే ఎవరి గొంతు చిన్నదవుతుందో చూడమని మాత్రమే అంటున్నాను.

అంతటితో ఆగలేదు. 2014 ఏప్రిల్ 30న మేం మహబూబాబాద్ ఎంపీకి, భద్రాచలం ఎమ్మెల్యేకి ఓటేశాం. నెల తిరిగేసరికి పోలవరం ముంపు పేరుతో ఆర్డినెన్సు వచ్చింది, మా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, పట్టణం మినహా భద్రాచలం మండలం తూర్పు గోదావరికి. కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత భాగం పశ్చిమ గోదావరికి. 1959కి ముందు ఇవి ఆంధ్రవే కదా అని కొందరు వాదిస్తారు. మా ఒడ్డు విషయంలో అది నిజమే. కుక్కునూరు, బూర్గంపాడు మాత్రం నిజాం నేల. అక్కడ చరిత్రతో సంబంధం లేదు, జలాశయం ఎక్కడిదాకా వస్తుందన్నదే లెక్క.

ఆ ఎన్నికల్లో గెలిచిన సున్నం రాజయ్య గారి సొంత ఊరు వరరామచంద్రపురం మండలంలోది. ఎమ్మెల్యేగా ఆయన తెలంగాణ సభలో కూర్చున్నారు, ఊరు ఆంధ్రలో ఉంది. 2019లో ఆయన ఆంధ్రలో రంపచోడవరం నుంచి పోటీ చేశారు, గెలవలేదు. 2020లో కరోనాతో పోయారు.

మా ఇంటినే తీసుకోండి. అదే ఇల్లు, అదే బూతు. 2004లో భద్రాచలం ఎంపీకి ఓటు, 2009, 2014లో మహబూబాబాద్ ఎంపీకి, 2019లో అరకు ఎంపీకి. జిల్లా చూస్తే ఖమ్మం నుంచి తూర్పు గోదావరికి, 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారాం. ప్రతి మార్పుకీ కాగితాలు మార్చుకోవాలి. మా చుట్టాల అబ్బాయి ఒకడు కుల ధ్రువపత్రం కోసం తిరిగితే, పాతది పక్క రాష్ట్రం ముద్రతో ఉందని ఒక ఆఫీసులో నెలల తరబడి నాన్చారు. జబ్బు చేస్తే మాకు ఇప్పటికీ దగ్గర పెద్దాసుపత్రి భద్రాచలంలోనే, అంటే ఇంకో రాష్ట్రంలో.

మళ్ళీ ఆ సీటు వస్తుందా అన్నారు. పాత రూపంలో రాదు. లోక్‌సభ నియోజకవర్గం రెండు రాష్ట్రాల మీద పరుచుకోవడానికి వీల్లేదు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, చింతూరు, రంపచోడవరం, పాడేరు ఆంధ్రలో ఉన్నాయి. 2001లో చేసిన 84వ రాజ్యాంగ సవరణ ప్రకారం, 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కలు వచ్చేదాకా రాష్ట్రాలవారీ సీట్ల సంఖ్య మారదు. ఆ తర్వాత కొత్త కమిషన్ వేస్తే ప్రజల అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణలు కూడా పెడుతుంది. 2008కి ముందు జరిగిన విచారణలకు మా గూడేల నుంచి వెళ్ళి మాట్లాడినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. ఈసారి అటు భద్రాచలం, పినపాక కోయలు, ఇటు చింతూరు, రంపచోడవరం వాళ్ళు ఎవరి రాష్ట్రంలో వాళ్ళు అర్జీ రాసి పట్టుకెళ్ళాలి. రాసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, పాత సీటు వివరాలు నా దగ్గర ఉన్నంతవరకు ఇస్తాను.